వైరస్, బ్యాక్టీరియా, మొక్క కణం, జంతు కణం: ఏ మందు దేని మీద పనిచేస్తుంది?

కొండపి_పొగాకు:
అందరికీ నమస్కారం. మాది కొండపి పక్క పల్లె. పొగాకు నాటాం, మొక్కలు కుదురుకున్నాయి. కొన్నింటికి మాత్రం లేతాకుల మీద ముదురు పచ్చ, లేత పచ్చ కలిసి మచ్చలు మచ్చలుగా వస్తున్నాయి. ఆకు సాగడం లేదు, అంచులు నొక్కుకుపోతున్నాయి. మందుల షాపులో ఫోటో చూపిస్తే "ఇది మొజాయిక్ వైరస్" అని చెప్పి ఒక యాంటీబయాటిక్ పొడి చేతిలో పెట్టారు. ఇంటర్ బైపీసీ చదివే మా అమ్మాయేమో "వైరస్ మీద యాంటీబయాటిక్ పనిచేయదు నాన్నా, డబ్బులు దండగ" అంటుంది. ఎందుకు పనిచేయదమ్మా అంటే పుస్తకంలో ఒక పట్టిక చూపిస్తుంది. వైరస్, బ్యాక్టీరియా, మొక్క కణం, జంతు కణం అని నాలుగు గడులు, వాటి కింద టిక్కులు, ఇంటూలు. ఆ టిక్కులకీ నా పొలానికీ సంబంధం ఏందో తెలిసినవాళ్లు చెప్పండి. పొడి ఇంకా కలపలేదు.

అల్లూరు_గుంటలు:
కలపొద్దన్నా. మీ అమ్మాయి చెప్పిందే రైటు. రొయ్యల గుంటల్లో ఈ పాఠం మావాళ్లు డబ్బులు పోసి నేర్చుకున్నారు. 1994, 95లో టైగర్ రొయ్యకు వైట్ స్పాట్ తగిలినప్పుడు ఎవరికి ఏ మందు దొరికితే అది గుంటలో పోశారు. పెంకు మీద తెల్ల చుక్క కనపడిన వారం పది రోజుల్లో గుంటకు గుంట ఖాళీ. అదీ వైరస్సే.

కావలి_బోటనీ:
అన్నగారూ, షాపులో జబ్బు పేరు సరిగ్గానే చెప్పారు, మందే అతకలేదు. ఒక సంగతి చెప్పనా? ప్రపంచంలో వైరస్ అనేదాన్ని మొట్టమొదట పట్టుకున్నది మీ పొగాకు ఆకులోనే, మీరు చెప్పే ఈ జబ్బులోనే.

1886లో అడాల్ఫ్ మేయర్ అనే ఆయన నెదర్లాండ్స్‌లో జబ్బాకు నూరి, ఆ రసం మంచి మొక్కకు ఎక్కిస్తే దానికీ మచ్చలు వస్తాయని చూపించాడు. బ్యాక్టీరియా అయ్యుంటుందనుకున్నాడు. 1892లో రష్యాలో ఇవనోవ్‌స్కీ ఆ రసాన్ని పింగాణీ ఫిల్టర్‌లో వడగట్టాడు. బ్యాక్టీరియా ఆ ఫిల్టర్ దాటలేదు. అయినా కిందికి దిగిన తేట రసం పూస్తే జబ్బు వచ్చింది. 1898లో బైయరింక్ ఇంకో అడుగు వేసి, ఇది బ్యాక్టీరియా కాదు, బతికున్న కణంలోకి వెళ్తే తప్ప పెరగనిదేదో అని తేల్చాడు. 1935లో అమెరికాలో వెండెల్ స్టాన్లీ దాన్ని స్ఫటికాలుగా మార్చి సీసాలో పెట్టాడు. ఆ స్ఫటికం కరిగించి ఆకుకు రుద్దితే మళ్లీ జబ్బు! ఈ పనికి ఆయనకు 1946లో కెమిస్ట్రీలో నోబెల్ వచ్చింది. గమనించండి, ప్రాణుల శాస్త్రానికి కాదు, కెమిస్ట్రీకి.

ఇప్పుడు మందు సంగతి. మీ ఆకులో ఉన్న ఈ వైరస్ ఒక కడ్డీ. పొడవు 300 నానోమీటర్లు, మందం 18. మిల్లీమీటర్‌ను పది లక్షల వంతులు చేస్తే అందులో ఒక వంతు నానోమీటర్. కడ్డీ లోపల ఒక ఆర్‌ఎన్‌ఏ పోగు, దాని చుట్టూ 2130 ప్రొటీన్ ముక్కలు మెలి తిరిగి అమరి ఉంటాయి. అంతకుమించి దానికి ఆస్తిపాస్తులేం లేవు. కణకవచం అంటే బయటి గోడ లేదు, కణత్వచం అంటే గోడ లోపలి పొర లేదు, ప్రొటీన్లు తయారుచేసే రైబోజోమ్ లేదు, తినడం అరిగించుకోవడం లేదు. యాంటీబయాటిక్ ఏం చేస్తుంది? పెన్సిలిన్ జాతి మందులు బ్యాక్టీరియాను గోడ కట్టుకోనివ్వవు. స్ట్రెప్టోమైసిన్, టెట్రాసైక్లిన్ వంటివి దాని రైబోజోమ్‌కు అడ్డం పడతాయి. గోడా లేక, రైబోజోమూ లేక పోతే మందు వెళ్లి దేన్ని పట్టుకోవాలి?

కొండపి_పొగాకు:
అంటే సొంత ఎడ్లు, నాగలి ఏమీ లేకుండా విత్తనం మూట ఒక్కటే చంకన పెట్టుకుని వచ్చి, మన చేలో మన ఎడ్లతోనే తన విత్తనం వేయించుకునేవాడన్నమాట. వాడి ఎడ్లకు మందు పెడదామంటే వాడికి ఎడ్లే లేవు.

కావలి_బోటనీ:
అంతకంటే బాగా నేను క్లాసులో చెప్పలేను సార్.

పొదిలి_వీఏఏ:
కొండపి అన్నా, మందు లేదు కానీ చేయాల్సిన పని ఉంది. మొజాయిక్‌కు పొగాకులో పురుగుతో పెద్దగా పని లేదు, మన చేతులతోనే పాకుతుంది. మొక్క కణానికి బయట గట్టి సెల్యులోజ్ గోడ ఉంటుంది కాబట్టి వైరస్ తనంతట తాను లోపలికి పోలేదు, గాయం కావాలి. ఆకు మీద నూగు వెంట్రుక ఒకటి విరిగినా చాలు, దారి దొరుకుతుంది. జబ్బు మొక్కను పట్టుకున్న చేత్తో పక్క మొక్క తల తుంచినా, పిలక తీసినా దానికీ అంటించినట్టే.

జబ్బు మొక్కల్ని ముందే పీకి చేను బయట కాల్చేయండి. పీకినవాళ్లు ఆ చేతుల్తో మంచి సాళ్లలోకి దిగకూడదు, సబ్బుతో రుద్ది కడుక్కోవాలి. నారు పీకేటప్పుడు, తలలు తుంచేటప్పుడు వెన్న తీసిన పాలలో చేతులు ముంచుకుంటూ ఉంటే వ్యాప్తి తగ్గుతుంది, పాలల్లోని ప్రొటీన్ వైరస్‌ను పట్టేస్తుంది. ఇంకొకటి, పనిలో ఉన్నప్పుడు చుట్ట, బీడీ, నమిలే పొగాకు వద్దు. ఎండిన ఆకులో కూడా ఈ వైరస్ ఏళ్ల తరబడి చావకుండా ఉంటుంది. కూలీలు ఒప్పుకోరని తెలుసు, అయినా చెప్పి చూడండి.

దర్శి_మిరప:
మీ పుస్తకాల మాటలు నేను నమ్మను. మా మిరపకు బొబ్బర వైరస్ వస్తే యాంటీబయాటిక్, ఇంకో రెండు మందులు కలిపి కొట్టాం. పది రోజులకి కొత్త చిగురు బ్రహ్మాండంగా వచ్చింది. కళ్లతో చూసిందాన్ని కాదంటారా?

పొదిలి_వీఏఏ:
చిగురు వచ్చిందంటే కాదనను అన్నా. ఆ ఇంకో రెండు మందుల్లో ఒకటి తామర పురుగు మందో, నల్లి మందో అయ్యుంటుంది, ప్యాకెట్ ఉంటే చూడండి. మన దగ్గర ఆకు ముడుచుకుంటే చాలు వైరస్ అంటారు. ఆకు పైకి ముడుచుకుని దోనెలా అయితే తామర పురుగు పని. కిందికి తిరగేసినట్టు ముడుచుకుంటే నల్లి. వీటికి మందు కొడితే కొత్త చిగురు శుభ్రంగా వస్తుంది. నిజంగా తెల్లదోమ తెచ్చిన వైరస్ అయితే ఆకులు చిన్నవై, ఈనెలు ఉబ్బి, మొక్క గిడసబారిపోతుంది, ఆ మొక్క ఇక కోలుకోదు. అక్కడ తెల్లదోమను ఆపడమే మన చేతిలో పని.

దర్శి_మిరప:
మాది పైకి ముడత. సరే చూస్తా.

పొదలకూరు_నిమ్మ:
మరి మా నిమ్మ గజ్జి సంగతి ఏంది మాస్టారూ? అది బ్యాక్టీరియా అని అందరూ చెప్తారు. అట్లయితే యాంటీబయాటిక్ దివ్యంగా పనిచేయాలి గదా. ఒక వాన పడితే మళ్లీ మామూలే. కాయ మీద గజ్జి ఉంటే మార్కెట్లో రేటు సగం కోస్తారు.

కావలి_బోటనీ:
గజ్జి బ్యాక్టీరియానే, జాంథోమోనాస్. ఒకటిన్నర, రెండు మైక్రోమీటర్ల పొడవు ఉంటుంది, అంటే పొగాకు వైరస్ కడ్డీకి ఐదారు రెట్లు. దానికి సొంత గోడ, సొంత డీఎన్‌ఏ, సొంత రైబోజోమ్‌లు, ఈదడానికి తోక, అన్నీ ఉన్నాయి. కేంద్రకం ఒక్కటే ఉండదు. కాబట్టి గాజుపాత్రలో మందు వేస్తే చస్తుంది. చిక్కు ఎక్కడంటే తోటలో అది పాత్రలో లేదు, ఆకు లోపల ఉంది. వాన చినుకు చిట్లితే పత్రరంధ్రాల గుండా, ఆకు తొలిచే పురుగు చేసిన గాయాల గుండా లోపలికి దూరి కణాల మధ్య ఖాళీల్లో కాపురం పెడుతుంది. అక్కణ్ణుంచి మొక్క కణంలోకి తన ప్రొటీన్లు పంపి, ఆ కణాలు ఉబ్బి విపరీతంగా విడిపోయేటట్టు చేస్తుంది. మీరు వేలితో తడిమితే గరుకుగా తగిలే బుడిపె బ్యాక్టీరియా కాదు, అది మీ నిమ్మ చెట్టు కణాలే. పైన కొట్టిన మందు ఆ బుడిపె అడుగుకు ఎంత చేరుతుంది? అందుకే కాపర్ మందులు చిగురు వచ్చినప్పుడు, వానలకు ముందు కొట్టమంటారు. లోపలికి పోకముందే ఆకు మీద చంపాలి. పోయాక కత్తిరించి కాల్చడమే. ఆకు తొలిచే పురుగును కూడా ఆపాలి, లేకపోతే అది తలుపులు తీసి పెడుతూనే ఉంటుంది.

ఇంకో మెలిక కూడా ఉంది. స్ట్రెప్టోమైసిన్ మోతాదు మించితే లేతాకు పాలిపోయి తెల్లబడుతుంది. ఎందుకో తెలుసా? ఆకుకు పచ్చదనం ఇచ్చే హరితరేణువుల్లో ఉండే రైబోజోమ్‌లు బ్యాక్టీరియా రకానివి.

కొండపి_పొగాకు:
నమస్తే సార్, నేను వాళ్ల అమ్మాయిని, నాన్న ఫోన్ నుంచి రాస్తున్నాను. మా పుస్తకంలో బ్యాక్టీరియాకు 70ఎస్, మొక్కకూ జంతువుకూ 80ఎస్ రైబోజోమ్ అని ఉంది, ఎస్ అంటే దాని సైజును తెలిపే కొలత. మరి హరితరేణువులో 70ఎస్ ఎందుకుంది? అది మొక్క కణంలో భాగమే కదా.

కావలి_బోటనీ:
మంచి చోట పట్టుకున్నావు తల్లీ. పట్టికలో ఒక్క టిక్కుతో తేలే విషయం కాదిది. హరితరేణువు, కణానికి శక్తి తయారుచేసే మైటోకాండ్రియా, ఈ రెండింటికీ సొంత డీఎన్‌ఏ ఉంది. రెండూ వాటంతట అవి రెండుగా విడిపోతాయి. వాటిని కొత్తగా తయారుచేయడం కణానికి చేతకాదు. కోట్ల ఏళ్ల క్రితం వేరే కణం లోపలికి చేరి అక్కడే స్థిరపడిపోయిన బ్యాక్టీరియాల సంతతి అవి. 1967లో లిన్ మార్గులిస్ ఈ వాదాన్ని గట్టిగా ముందుకు తెచ్చింది, మొదట్లో ఎవరూ పట్టించుకోలేదు. ఇప్పుడు డీఎన్‌ఏ పోల్చి చూస్తే హరితరేణువు ఎండతో తిండి తయారుచేసుకునే సయనోబ్యాక్టీరియాకు చుట్టమని తేటతెల్లంగా కనిపిస్తుంది.

అందుకని నీ పట్టికలో మొక్క కణం గడిలో బ్యాక్టీరియా వాసన ఉంది, జంతు కణం గడిలో కూడా ఉంది. మొక్కలో రెండు రకాల సంతతి, జంతువులో ఒకటే. జంతు కణంలో హరితరేణువు లేదు, గోడ లేదు. మొక్కలో కణమంతా ఆక్రమించే పెద్ద రిక్తిక, అంటే నీటి సంచి ఉంటుంది, జంతు కణంలో ఉంటే చిన్నవి. మిగతా తేడాలు పుస్తకంలో చూసుకో, పరీక్షకు అవి చాలు.

నెల్లూరు_ల్యాబ్:
మాస్టారు చెప్పిన మెలిక మనుషుల మందుల్లోనూ ఉంది. క్లోరాంఫెనికాల్ అని ఒక యాంటీబయాటిక్. టైఫాయిడ్‌కు ఒకప్పుడు అదే దిక్కు. బ్యాక్టీరియా 70ఎస్ రైబోజోమ్‌ను ఆపేస్తుంది, మన 80ఎస్ జోలికి రాదు. ఇంతవరకు బాగానే ఉంది. కానీ మన మైటోకాండ్రియాలో ఉన్న రైబోజోమ్‌లు కూడా బ్యాక్టీరియా తరహావే. మోతాదు పెరిగితే వాటినీ పట్టుకుంటుంది. ఎముక మజ్జలో కణాలు గబగబా విడిపోతూ ఉంటాయి కాబట్టి దెబ్బ ముందు అక్కడ కనపడుతుంది, రక్తకణాలు తగ్గిపోతాయి. కొందరిలో మోతాదుతో సంబంధం లేకుండా మజ్జ పూర్తిగా ఎండిపోయే ప్రమాదం కూడా ఉంది, అది అరుదు కానీ ప్రాణాంతకం. రొయ్యల్లో ఈ మందు ఆనవాళ్లు తగిలితే విదేశాలకు పంపిన కంటైనర్లు వెనక్కి రావడానికి కారణం ఇదే.

టెట్రాసైక్లిన్ జాతిలో మొదటి మందు ఆరియోమైసిన్ 1948లో అమెరికాలో లెడర్లీ ల్యాబ్ నుంచి వచ్చింది. అప్పుడు అక్కడ పరిశోధనలకు పెద్దదిక్కు మన ఎల్లాప్రగడ సుబ్బారావు గారు. పిల్లలకు ఈ పేరు ఎంతమంది చెప్తున్నారో మరి.

అల్లూరు_గుంటలు:
కంటైనర్ల మాట గుర్తు చేయొద్దు సార్, బీపీ పెరుగుతుంది.

నా డౌటు ఒకటుంది. ఇప్పుడు వనామీ రకం రొయ్యల్లో మాకు వైట్ స్పాట్ కంటే ఈహెచ్‌పీతో టెన్షన్ ఎక్కువ. రొయ్య చావదు, పెరగదు. మేత తిన్నాయో లేదో చూసే చెక్ ట్రే ఎత్తితే ఒకటి వేలంత, పక్కన ఇంకొకటి అగ్గిపుల్లంత. మేత మాత్రం లెక్క ప్రకారం లాగేస్తుంటుంది. ఒకరు వైరస్ అంటారు, ఒకరు బ్యాక్టీరియా అంటారు. ఈ నాలుగు గడుల్లో ఇది ఏ గడిలోకొస్తుంది?

ముత్తుకూరు_ఫిషరీస్:
దేన్లోకీ రాదన్నా. నేను ఫిషరీస్ చదువుతున్నాను, మాకు ఇది ప్రత్యేకంగా చెప్పారు. ఈహెచ్‌పీ మైక్రోస్పోరిడియా అనే గుంపులోది, శిలీంధ్రాలకు దగ్గరి చుట్టం. దానికి కేంద్రకం ఉంది కాబట్టి బ్యాక్టీరియా కాదు. సొంత రైబోజోమ్‌లు ఉన్నాయి కాబట్టి వైరస్ కాదు. కానీ బతుకు మాత్రం వైరస్ బతుకే. రొయ్య హెపటోపాంక్రియాస్, అంటే జీర్ణగ్రంథి కణం లోపలే ఉంటుంది, శక్తి కూడా ఆ కణం దగ్గరే లాక్కుంటుంది. రొయ్య తిన్నది అరగాల్సిన చోటే ఇది తిష్ఠ వేస్తుంది కాబట్టి మేత లాగుతుంది కానీ ఒళ్లు చేయదు.

దీని స్పోరు, అంటే విత్తనం లాంటిది, ఒక మైక్రోమీటర్ పైచిలుకు, కైటిన్ గోడ ఉంటుంది, లోపల చుట్ట చుట్టిన గొట్టం ఉంటుంది. రొయ్య కడుపులోకి పోయాక ఆ గొట్టం బయటికి దూసుకొచ్చి కణంలో గుచ్చుకుంటుంది, లోపలి సరుకంతా దాని గుండా కణంలోకి దిగిపోతుంది. ఆ గోడ వల్లే మామూలు బ్లీచింగ్‌కు తొందరగా లొంగదు. వైట్ స్పాట్ వైరస్‌కు పైన కొవ్వు పొర ఉంటుంది, అది బ్లీచింగ్‌కు సులువుగా చస్తుంది. అందుకే గుంట ఎండబెట్టి సున్నం దట్టంగా వేసి దున్నడం ఈహెచ్‌పీకి, పీతలు రాకుండా వల కట్టి నీళ్లకు బ్లీచింగ్ పెట్టడం వైట్ స్పాట్‌కు. రెండింటికీ సీడ్, అంటే రొయ్య పిల్లల్ని దింపకముందే పీసీఆర్ అనే జన్యు పరీక్ష చేయించాలి. రెండూ కలిపే చూడమని ల్యాబ్‌లో అడగండి, ఒక్కదానికే చూసి క్లియర్ అంటే ఒప్పుకోవద్దు.

అల్లూరు_గుంటలు:
మరి మేం పోసే ప్రోబయాటిక్? అదీ బ్యాక్టీరియానే గదా.

ముత్తుకూరు_ఫిషరీస్:
అవును, ఎక్కువగా బాసిల్లస్. జబ్బు తెచ్చే విబ్రియో బ్యాక్టీరియాకు చోటు, తిండి దక్కకుండా చేయడానికి. దాంతో వైరస్ పోతుందని ఎవరైనా అమ్మితే కొనొద్దు. ప్రోబయాటిక్ పోసిన వెంటనే బ్లీచింగో, అయోడినో వేసేవాళ్లను కూడా చూశాను, పోసిందంతా వాళ్లే చంపేసుకుంటారు.

ఒంగోలు_పశువులు:
నేను పశువైద్యంలో ఉన్నాను. ఇందాకటి నుంచి చదివి కొందరు గాలికుంటుకు మేం యాంటీబయాటిక్ సూది వేయడం తప్పనుకుంటారేమోనని రాస్తున్నా. గాలికుంటు వైరస్ చాలా చిన్నది, 30 నానోమీటర్లు. సూది దాని కోసం కాదు. నోట్లో, గిట్టల మధ్య పుండ్లు పడతాయి, ఆ పుండ్లలో బ్యాక్టీరియా చేరి చీము పడుతుంది. దాని కోసం వేస్తాం. వైరస్ సంగతి పశువు ఒంట్లో పుట్టే యాంటీబాడీలే చూసుకోవాలి, అందుకే ఆరు నెలలకోసారి టీకా. రొయ్యకు యాంటీబాడీలు లేవు కాబట్టి వాళ్లకు ఈ సౌకర్యం లేదు.

గొంతువాపు అలా కాదు. అది బ్యాక్టీరియా. సాయంత్రం మేత మానేసిన గేదె తెల్లారేసరికి పోవచ్చు. జ్వరం, గొంతు కింద వాపు మొదలవగానే యాంటీబయాటిక్ పడితే బతికే అవకాశం ఉంది, గురక మొదలయ్యాక కష్టం. దీనికి టీకా తొలకరికి ముందే వేయించాలి. రెండింటిలోనూ చొంగ కారుతుంది, పశువు మేత ముట్టదు. ఒకదానికి గంటల మీద పని, ఇంకోదానికి ఓపిక మీద పని. ఊళ్లో దొరికిన సూది పొడిచేయకుండా ఫోన్ చేయండి, అది చాలు.

దర్శి_మిరప:
ఇంతకీ వైరస్‌కు ప్రాణం ఉన్నట్టా లేనట్టా?

నెల్లూరు_ల్యాబ్:
అది మొదలుపెడితే ఈ చర్చ సంక్రాంతి దాకా సాగుతుంది. ఇంకో దారం తెరవండి అన్నా.

కొండపి_పొగాకు:
మళ్లీ నేనే సార్, అమ్మాయిని. పొడి నాన్న వాపసు ఇచ్చేశారు. మా కాలేజీలో ప్రాజెక్టు చేయమన్నారు. ఈ నాలుగూ మైక్రోస్కోప్‌లో చూపించవచ్చా? మా దగ్గర ఉన్నది మామూలు కాంపౌండ్ మైక్రోస్కోప్.

నెల్లూరు_ల్యాబ్:
మూడు చూడొచ్చమ్మా. మొక్క కణానికి ఉల్లిపాయ లోపలి పొర తీసి సాఫ్రనిన్ ఒక చుక్క వేయి, గోడలు గళ్లు గళ్లుగా కనిపిస్తాయి. ఆ పొరకే పక్క నుంచి ఉప్పు నీళ్లు వదిలి చూస్తూ ఉండు. గోడ అలాగే నిలబడి ఉంటుంది, లోపలి పదార్థం ముడుచుకుని గోడ నుంచి విడిపోతుంది. గోడా పొరా వేరువేరని అప్పుడు కళ్లకు కడుతుంది. జంతు కణానికి బుగ్గ లోపల చెంచా వెనక భాగంతో మెల్లగా గీకి మిథిలిన్ బ్లూ వెయ్యి. కేంద్రకం నీలంగా, కణం అంచు వంకరటింకరగా ఉంటుంది.

బ్యాక్టీరియాకు పెరుగు తేట చుక్క పలుచగా పరిచి ఆరబెట్టి, దీపం మీద రెండుసార్లు ఆడించి అదే మిథిలిన్ బ్లూ వెయ్యి. 40 లెన్స్‌లో నలుసుల్లా ఉంటాయి. నూనె వేసి చూసే 100 లెన్స్ ఉంటే చిన్న కడ్డీలు, గొలుసులు తెలుస్తాయి. వైరస్ మాత్రం కుదరదు. 200 నానోమీటర్ల కంటే దగ్గరగా ఉన్నవాటిని వెలుతురు మైక్రోస్కోప్ విడదీసి చూపలేదు, నీ పొగాకు కడ్డీ మందం 18. ఎలక్ట్రాన్ మైక్రోస్కోప్ వచ్చాకే, 1939లో, దాన్ని చూడగలిగారు.

కావలి_బోటనీ:
ల్యాబ్ గారి మాటకు చిన్న చేర్పు. ఒక్క కడ్డీ కనపడదు, నిజమే. కానీ జబ్బాకు కణంలో ఈ వైరస్ లక్షల్లో పేరుకుపోయి స్ఫటికాలు కడుతుంది, అవి మామూలు మైక్రోస్కోప్‌కు అందుతాయి. ఇవనోవ్‌స్కీ వాటిని చూసి బొమ్మలు కూడా వేశాడు. మీ చేలో మచ్చలు బాగా తేలిన లేతాకు ఒకటి తీసుకుని, ఈనె మీద పొర నూగుతో సహా సన్నగా ఒలిచి, రంగు వేయకుండా నీటి చుక్కలో పెట్టు. నూగు వెంట్రుకల్లోని కణాలు ఒక్కొక్కటే వెతుకు. రంగు లేని ఆరు పలకల బిళ్లలు కొన్నింట్లో తగులుతాయి. పక్కనే మంచి ఆకు స్లైడు కూడా పెట్టు, అందులో అవి ఉండవు. ఆకును కవర్లో మూసి తీసుకెళ్లు, మీ కాలేజీలో టమాటా మొక్కలుంటే ఆ చేత్తో ముట్టుకోకు, వాటికీ అంటుతుంది.